ఎనిమిది తర్వాత ఏమిటి?
వరంగల్, కరీంనగర్, నల్గొండల నుంచి మరమగ్గాల పనికి సూరత్ వలసపోయిన కుటుంబాలకు అక్కడో అరుదైన వెసులుబాటు ఉంది. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతోపాటు తెలుగు మాధ్యమమూ ఉంది.

కానీ 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం హామీ 14 ఏళ్ల వరకే, అంటే ఎనిమిదో తరగతి దాకానే. ఆ తర్వాత మాధ్యమం మారితే, లెక్కల్లో ముందున్న పిల్లాడూ భాష దగ్గర తడబడతాడు. చదువు మానేసినవాడికి మగ్గం సిద్ధంగానే ఉంటుంది.

ఒకటి నుంచి ఎనిమిది దాకా గుజరాతీ బోధనను రాష్ట్రం 2023లో చట్టంతో తప్పనిసరి చేసింది. దాన్నే వంతెనగా మలచుకోవచ్చు. అందుకు రెండు భాషలూ వచ్చిన ఉపాధ్యాయులు కావాలి. బడి తెరవడం సగం పనే. పిల్లల్ని పదో తరగతి దాటించడమే అసలు సంస్కరణ.