ఏఐకి పనిముట్టు ఇస్తె సాలదు, పద్ధతి గూడ నేర్పాలె

2023ల న్యూయార్క్ కోర్టుల ఓ ముచ్చటైంది. విమాన కంపెనీ మీద కేసు వాదించే వకీళ్లు చాట్‌జీపీటీని అడిగి ఆరు పాత తీర్పులు రాసుకొచ్చిండ్రు. ఎతికితె ఒక్కటి గూడ లేదు. ‘నిజమేనా’ అని మళ్ల అడిగితె గూడ నిజమేనన్నది. జడ్జి 5,000 డాలర్ల జుర్మానా ఏసిండు.

అప్పుడది రికార్డు చూడలే, మాటకు మాట అతికి జవాబు అల్లింది. గిప్పుడు ఏఐకి నెట్‌ల ఎతుకుడు, లెక్కలు గట్టుడు, రికార్డులు తెరిసి చూసుడు అసొంటి పనిముట్లు ఇస్తున్నరు. మంచిదే. గని ఎప్పుడు చూడాలె, దేన్ని నమ్మాలె అని చెప్పకపోతె మళ్ల పాత కథే.

ఏపీల 2025 జనవరి నుంచి ‘మన మిత్ర’ పేరుతోని సర్కారు సేవలు వాట్సాప్‌లకే వచ్చినయి. గసొంటి కాడ ఏఐ జవాబు చెప్పాల్నంటె పద్ధతి గట్టిగుండాలె. పింఛను ఎందుకు ఆగింది, పట్టా ఎవరి పేర ఉన్నదని అడిగితె ఇయ్యాల్టి రికార్డు చూసే చెప్పాలె. యాడ చూసిందో చూపియ్యాలె. దొర్కకపోతె ‘దొర్కలే’ అనాలె, ఏ ఆఫీసుకు పోవాల్నో చెప్పాలె.

వకీళ్లకు జుర్మానాతోని పోయింది. తప్పు జవాబు నమ్మి పింఛను పోగొట్టుకున్న అవ్వకు ఎవరు కట్టిస్తరు? ఆ పద్ధతేందో రాసి జనం ముంగట పెట్టుడు సర్కారు పనే.