పొట్టకు లేని కవచం ఎందుకు?

గేములల్ల ఆడ యోధురాలి కవచం మీద లొల్లి ఇయ్యాలటిది కాదు. అమెరికా కామిక్ పుస్తకాలల్ల రెడ్ సోన్యా అనే కత్తి వీరురాలు ఉన్నది. 1973ల మొదటిసారి వచ్చినప్పుడు ఆమె ఒంటి మీద ఇనుప గొలుసుల అంగీ ఉండె. కొన్నాళ్లకే అది గొలుసుల బికినీ అయింది. తర్వాత గేములు గీసెటోళ్లు మస్తుమంది ఆ అచ్చునే పట్టుకున్నరు. 2004ల వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ల కొన్ని కవచాలు మొగ క్యారెక్టర్ తొడిగితే ఒళ్లంత కప్పుతయి. అదే కవచం ఆడ క్యారెక్టర్ తొడిగితే తొడలు, పొట్ట బయటికొస్తయి. రక్షణ నంబర్ ఇద్దరికీ ఒక్కటే, ఇనుమే తక్కువ.

"అన్నా, డ్రాగన్లు ఎగిరే గేముల నీకు నిజం గావాల్నా?" అని పోరగాళ్లు అడుగుతరు. మంచి ప్రశ్ననే. మరి ఆ గేముల మొగోడు నెత్తి నుంచి కాళ్ల దాక ఇనుము ఎందుకు తొడుక్కుంటున్నడు తమ్మీ? కత్తి దిగుతదని. అంటే డ్రాగన్ ఉన్న లోకంల గూడ కత్తి కత్తే. ఆడమనిషి కాడికి వచ్చేసరికే అది పువ్వయితదా?

ఇగ చరిత్ర ముచ్చట. 1429ల ఫ్రాన్సు రాజు ఏడో చార్లెస్ జోన్ ఆఫ్ ఆర్క్‌కు టూర్ పట్నంల కవచం చేయించిండు. వంద లివర్ల ఖర్చు అని లెక్కలల్ల ఉన్నది. ఒళ్లంత కప్పే ఉక్కు అది. అంత ఉన్నా ఓర్లియన్ కోట కాడ మెడకూ భుజానికీ నడుమ బాణం దిగింది. సందు దొరికితే చాలు, బాణం ఆగదు. మన గేము హీరోయిన్‌కు ఒళ్లంత సందే.

రొమ్ములకు రెండు గిన్నెలు అచ్చు వోసినట్టు చేసే కవచం ఇంకో తమాష. నిజం కవచం ముందుకు ఉబ్బి నున్నగ ఉంటది, ఈటె తగిలితే పక్కకు జారిపోవాలె. కింద మందం బట్ట, కవచానికీ ఒంటికీ నడుమ జాగ ఉంటయి గాబట్టి ఆడమనిషికి ప్రత్యేకంగ గిన్నెలు అక్కర్లేదు. గిన్నెలు వెడితే ఏమైతది? రెండు గట్ల నడుమ కాలువల నీళ్లు వడ్డట్టు ఈటె మొన నేరుగ రొమ్ము ఎముక మీదికే వోతది.

అట్లని నిజం కవచాలన్నీ సాదాసీదా అనుకునేరు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ 1540 కవచం లండన్ టవర్‌ల ఉన్నది. దాని మొల కాడ ఉక్కుతోని చేసిన ఉబ్బు చూస్తే నవ్వాగదు, మగతనానికి బోర్డు పెట్టుకున్నట్టే ఉంటది! గ్రీకు, రోమన్ దొరలు కంచు మీద కండలు చెక్కించుకున్నరు. కవచానికి సోకు ఎప్పుడూ ఉన్నది. కానీ అది తొడుక్కునేటోడి సోకు. సోన్యా బికినీ చూసెటోని సోకు. నా కొట్లాట ఈ తేడా కాడనే.

కొందరు చెల్లెండ్లకు మెరిసే స్కిన్ ఇష్టం, తొడుక్కోనీ, ఎవరొద్దన్నరు? 2022ల వచ్చిన ఎల్డెన్ రింగ్‌ల చాలామట్టుకు కవచాలు ఆడైనా మొగైనా ఒకే తీరుగ కప్పుతయి. వద్దంటే అన్నీ ఇప్పి తిరుగొచ్చు, అదీ ఇద్దరికీ. ఆ గేమేం తక్కువ నడిచిందా?

చరిత్ర పేరు జెప్పి ఉల్టా కొట్టుడు గూడ చూసినం. 2018ల బ్యాటిల్‌ఫీల్డ్ ఫైవ్ ట్రైలర్‌ల ఆడ సైనికురాలు కనవడంగనే "ఇది చరిత్ర కాదు" అని గాయి గాయి చేసిన్రు. రెండో ప్రపంచ యుద్ధంల సోవియట్ సైన్యంలనే దగ్గర దగ్గర 8 లక్షల మంది ఆడోళ్లు పనిచేసిన్రు. బికినీ దగ్గర గుర్తురాని చరిత్ర, తుపాకీ పట్టిన ఆడమనిషి దగ్గర గుర్తొచ్చింది.

నాకు తెలిసిన ఇంటర్ చదివే చెల్లె ఒకామె రోజూ ఫోన్‌ల గేమ్ ఆడుతది. మొగ పేరు పెట్టుకుంటది, మైక్ బంద్ వెడతది. గొంతు వింటే ఏం మాటలొస్తయో ఆమెకు ఎరుకే. 13వ శతాబ్దంల మన రుద్రమ శాసనాలల్ల రుద్రదేవ మహారాజు అని రాయించుకోవాల్సి వచ్చింది. ఈమె ఐడీ గూడ అట్లనే ఉన్నది.

ఇయ్యాల రాత్రి మీ గేమ్ తెరిచి ఒకే కవచం ముందు మొగ క్యారెక్టర్‌కు, తర్వాత ఆడ క్యారెక్టర్‌కు తొడిగి సూడుండ్రి. ఎంత ఇనుము మాయమైందో మాకు రాసి పంపుండ్రి.