కరివేపాకు పొడి కొట్టకండి, ఆకుగానే అమ్మండి



ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు. కరివేపాకు ఎండబెట్టి పొడి చేసి అమ్మితే లాభమని ట్రైనింగుల్లో చెప్తారు. నేనూ నమ్మినా. పోయినేడు 18 కిలోల పొడి బెంగళూరులో ఒక అంగడికి పంపిస్తే, రెండు నెలలకు సగం వాపసు వచ్చింది. "వాసనే లేదు, గడ్డి మాదిరి ఉంది" అన్నారు. డబ్బా మూత తీసి చూసినా. వాళ్లు చెప్పింది నిజమే.

నేను చేసిన తప్పులు రెండు. మొదటిది, మిద్దె మీద నేరుగా ఎండకు పోసినా. అనంతపురంలో ఎండకు కరువు లేదు కదా, అదే మన డ్రైయర్ అనుకుంటాం. కరివేపాకు ఘుమఘుమ అంతా ఆకులోని నూనెలో ఉంటుంది. నేరుగా ఎండ తగిలితే ఆ నూనె ఎగిరిపోతుంది, పచ్చదనం పోతుంది. మనకు అసలైన డ్రైయర్ మన పొడిగాలి. నీడలో, గాలి ఆడే చోట పలచగా పరిస్తే చాలు.

రెండోది పొడి కొట్టడం. ఎంత మెత్తగా కొడితే అంత ఎక్కువ గాలి తగులుతుంది, వాసన అంత తొందరగా పోతుంది. మా అమ్మ ముందే చెప్పింది: "కావాల్సినప్పుడు నలుపుకోవాల గానీ, కొట్టి పెడితే ఏముంటుంది రా?" డిప్లొమా చదివిన నేను వినలేదు.

ఇంకొకటి నమ్మకం. పురుగుమందుల అవశేషాల వల్లే మన దేశపు కరివేపాకును యూరోపియన్ యూనియన్ ప్రత్యేక తనిఖీల జాబితాలో పెట్టింది. కొనేవాళ్లకు అనుమానం ఉండడం న్యాయమే. అవశేషాలు కంటికి కనిపించవు, దానికి ల్యాబ్ పరీక్షే దారి. కానీ పొడిలో ముదురాకు కలిసిందా, కాడలు కలిసినాయా అన్నది కూడా తెలియదు. ఆకు అయితే ఏదీ దాచదు.

ఆకు ఎక్కువ చోటు పడుతుంది, రవాణా ఖర్చు పెరుగుతుంది. ఒప్పుకుంటా. అయినా వాపసు వచ్చిన పొడి కంటే అదే చవక. పొడే కావాలనే వాళ్లకు ఆర్డరు వచ్చినాక కొట్టి ఇవ్వండి.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది, వీడియోలో కూడా చూపించినా. ఆకు కడిగి, తడి పూర్తిగా ఆరినాక కాడ నుంచి దూసి నీడలో పరుస్తా. పిడికిట్లో పట్టి నలిపితే గలగలమని విరగాల. మెత్తగా వంగితే ఇంకా తేమ ఉన్నట్టే, డబ్బాలో పెడితే బూజు పడుతుంది. గాలి దూరని స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా, చీకట్లో పెట్టాల. తడి చెయ్యి పెట్టకూడదు.

వంటలో పచ్చాకు మాదిరి కాగే నూనెలో వెయ్యొద్దు, క్షణంలో మాడి చేదెక్కుతుంది. తిరగమోత దించినాక వెయ్యండి. చారులోకి, మజ్జిగలోకి చివర్లో చేత్తో నలిపి వెయ్యండి. ఉగ్గానిలోకి, శెనక్కాయల పొడిలోకి బాగుంటుంది. ఈ నాలుగు ముక్కలు ప్యాకెట్ మీద రాయండి. వండడం తెలిస్తేనే మళ్లీ కొంటారు.

మన కష్టమంతా ఆ వాసనలోనే ఉంది. దాన్ని మిక్సీలో పోగొట్టుకోవద్దు.