మన పిల్లల తెలుగు రాతకు చదువరులేరీ?

సరిహద్దులకు అవతల తెలుగు చదువు గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మనం మూడు కొరతలను ఏకరువు పెడతాం. బడులు తగ్గిపోతున్నాయి, పుస్తకాలు సమయానికి అందడం లేదు, ఉపాధ్యాయుల ఖాళీలు నిండడం లేదు. ఈ మూడూ నిజమే. వీటి కోసం ఈ పత్రిక పాఠకులలో ఎందరో అర్జీలు మోశారు, కార్యాలయాల చుట్టూ తిరిగారు. అయితే హోసూరు ప్రాంతంలో 32 ఏళ్లపాటు 6, 7, 8 తరగతులకు తెలుగు చెప్పి 2023లో పదవీ విరమణ చేసిన నాకు నాలుగో కొరత ఒకటి కనబడింది. మన పిల్లలు తెలుగులో రాసినదాన్ని చదివేవారు లేరు. ఆ కొరతను కొంతవరకు తీర్చగల సాధనం ఇప్పుడు మన చేతికందే దూరంలో ఉంది. దాని గురించి నా అనుభవాన్నీ, అభిప్రాయాన్నీ మీ ముందు పెడుతున్నాను.

మా బడి పరిస్థితి చెబితే సంగతి తేటపడుతుంది. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున పైకి పాకి, 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. రాష్ట్ర భాషను మా పిల్లలు నేర్చుకోవడానికి మాకు ఎన్నడూ అభ్యంతరం లేదు. తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లం. తమిళం, కన్నడం మా నోళ్లలో ఆడే భాషలే. కాని మొదటి స్థానం పోయాక మా బడిలో తెలుగుకు పీరియడ్లు తగ్గాయి, పీరియడ్లు తగ్గాక పిల్లలు తగ్గారు. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఏ అధికరణం మాతృభాషలో బోధన గురించి చెప్పేది ప్రాథమిక దశ వరకే. ఆ పై తరగతుల పిల్లలకు ఆ ఆసరా కూడా లేదు. నేను దిగిపోయిన ఏడాది 7వ తరగతిలో తెలుగు తీసుకున్నవారు ఏడుగురు.

ఆ ఏడుగురూ వ్యాసం రాస్తే చదివేది నేనొక్కణ్ణే. ఎర్ర సిరాతో తప్పులు దిద్ది, మార్కులు వేసి, సంతకం పెట్టేవాణ్ణి. నోటుపుస్తకం మూతపడేది. ఇంట్లో తల్లిదండ్రులకు తెలుగు మాట వచ్చు, లిపి రాదు. పక్క బెంచీ పిల్లలకు తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. పదకొండు, పన్నెండేళ్లంటే అక్షరాలు నేర్చుకునే దశ దాటి తన మాట తాను చెప్పుకోవడం మొదలుపెట్టే వయసు. ఆ వయసులో వినేవాళ్లు లేకపోతే పిల్లలు చెప్పడం మానేస్తారు. మా పిల్లల వ్యాసాలు ఏటేటా పొట్టివవుతూ వచ్చాయి. 'ఆవు సాధు జంతువు' దగ్గర మొదలై అక్కడికక్కడే ఆగిపోయేవి. దాన్ని నేను చాలాకాలం సోమరితనం అనుకున్నాను.

2020లో బడులు మూతపడ్డప్పుడు చాలా ఇళ్లలోకి చేతిఫోన్లు వచ్చాయి. బడులు మళ్లీ తెరిచాక, 2022లో, భాషా సభల్లో పరిచయమైన ఇద్దరు ఉపాధ్యాయ మిత్రులతో కలిసి ఒక ప్రయత్నం చేశాను. ఒకరు మహారాష్ట్రలో సోలాపూరులోను, మరొకరు ఒడిశాలో పర్లాకిమిడి దగ్గరా తెలుగు చెబుతారు. బెంగుళూరులో కంప్యూటరు పని చేసే మా మేనల్లుడు ఈథర్‌ప్యాడ్ అనే ఉచిత సాఫ్టువేరును తన సర్వరులో పెట్టి ఇచ్చాడు. 2008లో పుట్టిన ఆ సాధనం చాలా తేలికైనది. తెర మీద ఒక తెల్ల పుట ఉంటుంది. దాన్ని ఎన్ని ఊళ్లనుంచైనా ఒకేసారి తెరవవచ్చు, ఒకేసారి రాయవచ్చు. ఒక్కొక్కరి రాత ఒక్కొక్క రంగులో కనబడుతుంది. మాట్లాడుకోవడానికి పక్కన చిన్న గడి ఉంటుంది. అన్నిటికన్నా మేలైన సంగతి, ఆ పుట మొదటి అక్షరం నుంచి ఎలా పెరిగిందో వెనక్కి తిప్పి చూడవచ్చు. ఎవరు ఏది చేర్చారో, ఎవరు ఏది కొట్టేశారో అంతా నిలిచి ఉంటుంది. గూగుల్ డాక్స్‌లోనూ ఇటువంటి ఏర్పాటే ఉంది.

మూడు బడుల నుంచి పదిహేనుమంది పిల్లలను ఎంచుకున్నాం. విషయం 'పొద్దున్నే మా ఇల్లు'. గడువు రెండు వారాలు. మా ఏడుగురిలో నలుగురికే ఇంట్లో ఫోను ఉంది. అదీ నాన్న పనినుంచి వచ్చాక రాత్రిపూట దొరికేది. మిగిలిన ముగ్గురూ మధ్యాహ్న భోజనం అయ్యాక బడి కంప్యూటరు ముందు కూర్చునేవారు.

మొదటి నాలుగు రోజులు పలకరింపులతో గడిచాయి. అయిదో రోజు మా బడి అమ్మాయి ఒకతె 'మా అవ్వ తెల్లవారకముందే లేచి ఎనుముకు గడ్డి వేస్తుంది' అని రాసింది. మరునాటికి ఆ వాక్యంలో 'ఎనుము' పోయి 'బర్రె' వచ్చింది. సోలాపూరు అబ్బాయి తప్పు దిద్దాననుకున్నాడు. సాయంత్రానికి పర్లాకిమిడి వైపు అమ్మాయి 'బర్రె' తీసేసి, పుస్తకాల్లో చూసే మాట కదా అని 'గేదె' పెట్టింది. మా అమ్మాయి మూడు రోజులు ఆ పుట తెరవలేదు. అడిగితే 'మా మాట తప్పంట కదా సార్' అంది.

నేను పుటను వెనక్కి తిప్పి ఆ వాక్యం ఎన్ని చేతులు మారిందో అందరికీ చూపించాను. ఎవరినీ మందలించలేదు. ఒకరి మాటను కొట్టేసే ముందు పక్క గడిలో అడిగి తీరాలని నియమం ఒక్కటే పెట్టాం. అప్పుడు మా అమ్మాయి ఆ గడిలో రాసింది: 'మా ఊరంతా ఎనుమనే అంటారు. మీ బర్రె తప్పని నేను అనలేదే.' సోలాపూరు అబ్బాయి బదులిచ్చాడు: 'సరే. మీ అమ్మ గడ్డి వేస్తే మరి మీ నాన్న ఏం చేస్తాడు?' మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. 'అమ్మ కాదు, అవ్వ. మా నాయనకు అమ్మ.' అటునుంచి జవాబు: 'మా ఇంట్లో అవ్వ అంటే అమ్మే.' ఆ అబ్బాయి ముత్తాతలు నేతపని కోసం తెలంగాణ నుంచి సోలాపూరు వెళ్లినవారు. నాలుగు తరాలు గడిచినా ఆ ఇంట్లో ఆ మాట నిలిచి ఉంది.

మరునాటికి పుట నిండిపోయింది. వేరుశనగకు మా చెనక్కాయ ఒకవైపు, వాళ్ల పల్లీ మరొకవైపు. పిల్లలు ఇంట్లో ముసలివాళ్లను అడిగి అడిగి మాటలు మోసుకొచ్చారు. 'ఎనుము' తన చోటికి తాను తిరిగి వచ్చింది. ఎనుము, బర్రె, గేదె మూడూ ఒకటేనని వ్యాసం చివర పిల్లలే ఒక పట్టిక వేశారు. నా కోసం నాలుగు వాక్యాలు మించి రాయని పిల్లలు నాలుగు పుటలు రాశారు. 'ఇంకా వివరంగా రాయి' అని నేను ఎర్ర సిరాతో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. దానివల్ల కానిది, తమ ఈడువాడొకడు తమ ఇంటిని తప్పుగా అర్థం చేసుకుంటున్నాడని తెలిసిన క్షణంలో అయింది. తిరిగి రాయడం అంతవరకు వాళ్లకు శిక్ష. ఆ రోజునుంచి అవసరం.

పర్లాకిమిడి పేరు వచ్చింది గనుక గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకోవాలి. ఆ ఊళ్లో ఉపాధ్యాయుడిగా ఉంటూనే ఆయన సవరల నోటినుంచి సవర భాష నేర్చుకుని, సవర పిల్లల చదువుకోసం పుస్తకాలు రాశారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. నోట పలికే భాషకు బడిలో చోటు ఉండాలన్న ఆయన వాదాన్ని మనం ఏటా ఆగస్టు 29న సభలు పెట్టి స్మరిస్తాం. కాని హోసూరు ఎనుము, సోలాపూరు అవ్వ ఇంకా పుస్తకం బయటే ఉన్నాయి. ఏదో ఒకచోట తయారైన పుస్తకం అన్ని ఊళ్ల మాటలనూ మోయలేదు. పిల్లలు కలిసి రాసుకునే పుట మోయగలదు.

ఇదంతా రాత సంగతి. చదవడం నేర్పడానికి కూడా ఇటువంటి సాధనం ఉంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా మనలో చాలామందికి తెలుసు. అక్కడ ఆధారం చూపలేని విషయానికి చోటు లేదు. మా అవ్వ మాటకు అవ్వే ఆధారం. అందువల్ల ఈ వయసు పిల్లలకు అది మొదటి మెట్టు కాదు. దాని తోబుట్టువైన వికీసోర్స్ వేరు. హక్కుల గడువు తీరిన పాత పుస్తకం పుట ఛాయాచిత్రం ఒక పక్క, యంత్రం గుర్తుపట్టిన అక్షరాలు మరొక పక్క కనబడతాయి. యంత్రం పొరబడ్డచోట మనిషి దిద్దాలి. ఒకరు దిద్దితే ఆ పుటకు పసుపు రంగు గుర్తు పడుతుంది. వేరొకరు మళ్లీ చదివి సరే అంటేనే అది ఆకుపచ్చగా మారుతుంది. దిద్దినవారే ఆమోదించుకోవడానికి వీలులేదు. మా 8వ తరగతి అమ్మాయిలు ఇద్దరు పెద్దల సమ్మతితో, కలంపేర్లతో ఆరు పుటలు దిద్దారు. థకూ ధకూ తేడా, దీర్ఘం, ఒత్తు ఏదీ వాళ్ల కంటినుంచి తప్పించుకోలేదు. అంత శ్రద్ధగా పిల్లలు చదివిన పాఠం నా ఉద్యోగ జీవితంలో మరొకటి లేదు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. చేతిరాత చెడిపోతుందని మొదటిది. మా పిల్లలు ముందు నోటుపుస్తకంలో రాసి, ఆ తర్వాతే తెర మీదికి ఎక్కించేవారు. ఈ క్రమం తప్పనివ్వకూడదు. ఇప్పుడు ఏ విషయం మీదనైనా క్షణంలో వ్యాసం అల్లి ఇచ్చే యంత్రాలు వచ్చాయి గదా అన్నది రెండోది. నిజానికి ఆ భయం ఇంటినుంచి రాసుకురమ్మనే వ్యాసానికే ఎక్కువ. ఉమ్మడి పుటలో ఒక పేరా అమాంతం ఊడిపడితే, పుటను వెనక్కి తిప్పినప్పుడు ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. తడబడుతూ, కొట్టేస్తూ సాగిన రాత నడకే వేరు.

టైపు చేసే పద్ధతి గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించడం సులువే. కాని అలా చేసే పిల్లవాడి బుర్రలో తెలుగు మాట ముందు ఇంగ్లీషు అక్షరాలుగా మారి, తర్వాత తెలుగవుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో క, పొల్లు, ష వరుసగా నొక్కితే క్ష వస్తుంది. మొదటి వారం గంటకు మూడు వాక్యాలు సాగడమే గగనమైంది. అయితే జంటాక్షరం దేనితో దేనిని కలిపితే ఏర్పడుతుందో పిల్లలు తమ వేళ్లతో తెలుసుకున్నారు.

పిల్లల రక్షణ విషయంలో ఏమరుపాటు కూడదు. పద్దెనిమిదేళ్లలోపు వారి వివరాలను వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. చట్టం మాట ఎలా ఉన్నా, పిల్లలు మనవాళ్లు. పూర్తి పేరు, ఫోటో, ఫోను నంబరు ఎక్కడా కనబడకూడదు. పుట చిరునామా ఆయా బడులు దాటి పోకూడదు. ఉపాధ్యాయుడు రోజూ ఒకసారి పుట చదవాలి. వెక్కిరింతలు కనబడితే ఆనాడే కల్పించుకోవాలి.

చివరిగా ఒక హెచ్చరిక. మా ప్రయత్నాన్ని చూసిన ఒక అధికారి ఎంతో మెచ్చుకుని, 'ఇదేదో బాగుందే. ఇక ప్రతి బడికీ ఒక పంతులు ఎందుకు, ఒక్కరే కూర్చుని అన్ని ఊళ్లకూ చెప్పవచ్చు కదా' అన్నారు. నాకు నోట మాట రాలేదు. నేను దిగిపోయాక ఆ స్థానం ఇంతవరకు నిండలేదు. మా ఏడుగురూ 8వ తరగతికి వెళ్లేసరికి తెలుగు చెప్పేవారు లేరు. పుట మాత్రం అలాగే ఉంది. 'ఎనుము' రాసిన అమ్మాయి కొన్ని నెలలు అప్పుడప్పుడు తెరిచేది. 'మేము వంక అనేదాన్ని మీరేమంటారు?' అని ఒకనాడు అడిగింది. 'వాగు' అని సోలాపూరు నుంచి జవాబు వచ్చింది. ఆ తర్వాత మా వైపునుంచి ఒక్క అక్షరం చేరలేదు. పూనుకుని కూర్చోబెట్టే ఉపాధ్యాయుడు లేనిచోట ఏ సాధనమూ తనంతట తాను పాఠం చెప్పదు. బడికొక తెలుగు ఉపాధ్యాయుడన్న మన కోరికలో ఈ సాధనం పేరు చెప్పి ఒక్క అంగుళం కూడా తగ్గకూడదు. నియామకం కోసం అర్జీ పెట్టేటప్పుడు పిల్లలు కలిసి రాసిన పుటల అచ్చుప్రతిని దానికి జతచేయాలి. ఏడుగురి కోసం ఒక పంతులా అని అడిగేవారికి ఆ ఏడుగురూ ఏం రాయగలరో చూపించాలి.

బళ్లారి, కోలారు, హోసూరు, సోలాపూరు, పర్లాకిమిడి, బరంపురం, యానాం ప్రాంతాల్లో తెలుగు చెబుతున్న మిత్రులారా, వచ్చే విద్యా సంవత్సరానికి ఒక్కొక్క బడి దూరాన ఉన్న మరొక బడితో జత కట్టాలి. ఆరుగురు పిల్లలు, ఒక పుట, రెండు వారాలు చాలు. పూర్తయిన వ్యాసాన్ని అచ్చుతీసి బడి గోడ మీద అంటించండి. తెలుగు చదవడం రాని తల్లిదండ్రులకు పిల్లలచేత చదివించండి. లిఖిత పత్రికలు చేతులు మారుతూ చదివిన తరం మనది, ఈ పని మనకు కొత్త కాదు. నాలాగా పదవీ విరమణ చేసినవారు పుటను రోజూ చూసే బాధ్యత పంచుకోవచ్చు. నా వంతుకు నేను సిద్ధం. మా అమ్మాయి పుట ఇప్పటికీ తెరిచే ఉంది.