మొక్కకి గులాబీ దీపం దేనికి?

రాత్రి ఎనిమిది దాటాక ఖాజాగూడ పెద్ద చెరువు వైపు నుంచి అపార్టుమెంట్లకేసి తలెత్తి చూడండి. తెల్లటి కిటికీల వరసల్లో అక్కడొకటి ఇక్కడొకటి వంగపువ్వు రంగులో మెరుస్తుంటాయి. లోపల పెళ్లీ లేదు, డీజే లేదు. ఓ మనీప్లాంటు, ఓ స్నేక్ ప్లాంటు, వాటి నెత్తిన క్లిప్పు పెట్టి బిగించిన ఎరుపు నీలాల దీపం. "మామూలు లైటు మొక్కలకి పనికిరాదండీ, గ్రో లైటే కావాలి" అన్నది ఈ టవర్ల లిఫ్టుల్లో ఇప్పుడు వేదవాక్కు. కొన్నాళ్లు నేనూ నమ్మాను. నమ్మి డబ్బులు తగలేశాను కాబట్టే ఈ వ్యాసం.

నిరుడు ఆన్‌లైన్‌లో తెప్పించిన దీపం పెట్టె మీద 45 వాట్లని రాసుంది. ప్లగ్గు మీటరు పెట్టి చూస్తే తొమ్మిది. అది పోతే పోయింది, అసలు నష్టం వేరే. ఆ వెలుతురులో పచ్చటి ఆకు నల్లగా కనిపిస్తుంది. ఏ ఆకు పాలిపోయిందో, ఏ కాడకి పురుగు పట్టిందో తెలియదు. మా క్రోటన్ కాడల మొదట్లో పిండినల్లి చేరి, జిగురు కారి, పక్క కుండీకి పాకింది. ఓ ఆదివారం పగటిపూట దీపం ఆర్పి చూస్తే గానీ నాకది కనపడలేదు.

ఈ గులాబీ శాస్త్రానికి ఆధారం పెట్టె మీదే ఓ గ్రాఫు గీతగా ఉంటుంది. నీలం దగ్గరొక గుట్ట, ఎరుపు దగ్గరొక గుట్ట, పచ్చ దగ్గర లోయ. ఆకు పచ్చ వెలుతురుని తిప్పికొడుతుంది కాబట్టి అది దండగ అని తాత్పర్యం. ఆ గీత అబద్ధం కాదు. కాకపోతే అది ఆకుది కాదు. ఆకుని నూరి, అసిటోన్ లాంటి ద్రావకంలో తీసిన పత్రహరితానిది. బతికున్న ఆకు తీరు వేరు. పచ్చ వెలుతురు దాని పొరల్లో అటూ ఇటూ తగిలి తగిలి చాలామటుకు లోపలే ఇంకిపోతుంది. మన కంటికి చేరేది ఆ మిగిలిన కాస్తే. అమెరికాలోని టెక్సస్‌లో కీత్ మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంట మొక్కల ఆకుల మీద ఒక్కో రంగునీ విడివిడిగా కొలిచి 1972లో అచ్చువేశాడు. ఎరుపు ముందుంది, నిజమే. పచ్చ, పసుపు మరీ వెనకబడి ఏం లేవు. యాభై ఏళ్ల కింద తేలిన సంగతి ఇది. దీపాలమ్మే వాళ్లకి తెలియదని నేననుకోను.

అలాగని గులాబీ దీపం పుట్టుకే మోసమనను. ఎల్ఈడీల్లో ముందొచ్చింది ఎరుపు. మంచి కాంతినిచ్చే నీలం 1993లో జపాన్‌లో నకమురా చేతిలో వెలిగింది. తెల్లది ఆ తర్వాతి మాట. చేతికందిన రంగులతోనే పరిశోధకులు ఆకుకూరలు పెంచారు. గోదాముల్లో అంతస్తుల మీద అంతస్తులు వేసి పండించేవాడికి ఎరుపు ఇవాళ్టికీ లాభమే, కరెంటు బిల్లులో ప్రతి పైసా అతనికి లెక్క. హాల్లో నాలుగు కుండీలున్న మనకి ఆ లెక్కతో పనేమిటి? ఈలోగా తెల్ల ఎల్ఈడీ చవకైపోయింది. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ 2014 మొదట్లో ఒక్కో బల్బుని 310 రూపాయలకి కొంది, 2016 కల్లా అది 38కి దిగింది. ధర దిగిపోయిన సరుకుని మళ్లీ పైకెక్కించాలంటే దానికో రంగు పూయాలి కదా!

మొక్క చూసేది మోతాదు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు. మన నర్సరీలకి లారీల్లో దిగే అగ్లోనిమాలు కడియం దగ్గర షేడ్ నెట్ కింద పెరిగినవి. ముప్పాతిక ఎండని ఆపే వల వేసినా పాతిక వేల లక్సులు దిగుతాయి. అదే మొక్క మన సోఫా పక్కకి చేరేసరికి రెండొందలు! మనకి ఆ తేడా తెలియదు, ఎందుకంటే కన్ను సర్దుకుపోతుంది. ఆకు సర్దుకోలేదు. నెల తిరిగేసరికి అది రాలుతుంటే నీళ్లు చాలలేదేమోనని ఇంకో చెంబు పోస్తాం. వెలుతురు లేక ఆకలితో ఉన్నదాన్ని నీళ్లలో ముంచి చంపుతాం.

ట్రూప్ బజార్‌లో రెండొందల చిల్లర పెట్టి 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ పట్టీ ఒకటి తెచ్చాను, నాలుగడుగులది. పుస్తకాల అల్మరాలో ఓ అర ఖాళీ చేసి, పై చెక్క అడుగున బిగించాను. జానెడు కింద ఫోను పెడితే 3,500 లక్సుల దాకా చూపించింది. అలాంటి పట్టీయే హాలు సీలింగుకి ఉంది, దాని కింద బల్ల మీద రెండొందల పైచిలుకు. పట్టీ అదే, కరెంటు అదే, తేడా దూరంలోనే. టైమర్ ప్లగ్గు పెట్టి రోజుకి 14 గంటలు వెలిగిస్తున్నాను, నెలకి ఎనిమిదిన్నర యూనిట్లు కూడా కాదు. మనీప్లాంటు, అగ్లోనిమా, ట్రేలో మొలకెత్తే మెంతికూర ఆ పాటి వెలుతురుకి సంతోషంగా ఉన్నాయి. (ఫోను లెక్క తెల్ల దీపాల్ని ఒకదాంతో ఒకటి పోల్చడానికే. లక్సు మనిషి కంటికి కట్టిన కొలత, గులాబీ కింద అది తక్కువ చెబుతుంది. అక్కడ నేను ఫోనుని నమ్మలేదు, ఆకుల్ని నమ్మాను.)

ఇక ట్యూబ్‌లైటు సంగతి. చెప్పింది ఆలస్యంగా బుర్రకెక్కేవాణ్ణి ట్యూబ్‌లైటని వెక్కిరించే జాతి మనది, అందుకేనేమో మొక్కల దగ్గరా దానికి గౌరవం లేదు. కానీ టిష్యూ కల్చర్ ల్యాబుల్లో అరటి పిలకలు దశాబ్దాల పాటు గాజు సీసాల్లో పెరిగింది ఈ ట్యూబుల కిందే. పొడవునా ఒకేలా వెలుగుతుంది, చేయి పెట్టినా కాలదు. పనికిరాదన్న మాట శుద్ధ తప్పు. ఇప్పుడు కొత్తది కొనమని మాత్రం చెప్పను. పాతకాలపు చోకు తన వంతుగా మరో పది వాట్లు తింటుంది. సగం వెలుతురు పైకే పోతుంది, వెనక తెల్లరేకు పెడితే తప్ప కిందకి రాదు. చివర్లు నల్లబడకముందే కాంతి తగ్గుతూ వస్తుంది. పైగా ప్రతి గొట్టంలోనూ కొన్ని మిల్లీగ్రాముల పాదరసం. ఆ పాదరసం వల్లే యూరప్ 2023 ఆగస్టులో వీటి అమ్మకానికి తలుపు మూసింది. అదే ఏడాది జెనీవాలో, పాదరసం కట్టడికి కుదిరిన మినమాటా ఒప్పందపు దేశాలు 2027 చివరికల్లా ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతి ఆపాలని తీర్మానించాయి. అందులో మనమూ ఉన్నాం. ఇంట్లో వెలుగుతున్నది ఉంటే దాని కిందే కుండీ పెట్టుకోండి. అది పోయిన రోజున చెత్తబుట్టలో పగలగొట్టకుండా ఈ-వేస్టు వాళ్లకి ఇవ్వండి.

మా పై అంతస్తు కుర్రాడు ఇదంతా విని, "మరి ఫుల్ స్పెక్ట్రమ్ అని రాశారు కదా అంకుల్?" అన్నాడు. తెల్ల ఎల్ఈడీ అంటే నీలం చిప్పు మీద పసుపు పొడి పూత. ఆ పూత పచ్చ, పసుపు, ఎరుపు అన్నీ పంచుతుంది. నా అల్మరాలో ఉన్నదీ ఫుల్ స్పెక్ట్రమే బాబూ, పెట్టె మీద రాయలేదు గనక ధర తక్కువ అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. అతని హాల్లో గులాబీ దీపం కింద ఉన్నది తులసి మరి. కాడలు సాగి, ఆకులు చిన్నబోయి, దీపం వైపు మెడ చాచుకొని నిలబడింది. దానికి నా పట్టీ కూడా చాలదు. తులసికి, మిర్చికి, టమాటాకి ఎండ కావాలి.

"మాది నార్త్ ఫేసింగ్, ఎండ రాదు" అన్నాడు. ఇదింకో నమ్మకం. దక్షిణం బాల్కనీకే ఎండ అనేది చలికాలపు మాట. ఖాజాగూడ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదుంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి హైదరాబాదులో మధ్యాహ్నం నిటారు కర్రకి నీడ పడదు. ఈ నడుమ రోజుల్లో సూర్యుడు మనకి ఉత్తరపు పక్కనే నడుస్తాడు. నడిమధ్యాహ్నం పై స్లాబు అడ్డొస్తుంది గానీ, పొద్దున ఈశాన్యం మూల నుంచి, సాయంత్రం వాయవ్యం నుంచి ఎండ నేరుగా లోపలికి దూరుతుంది. ఎదుటి టవరు మరీ మీద పడకపోతే అంతే చాలు. ముసురు పట్టిన రోజున కూడా ఆరుబయట సుమారు పదివేల లక్సులుంటాయి. నా పట్టీ ఇచ్చేదానికి అది మూడింతలు, కరెంటు ఖర్చు లేకుండా.

మే రెండోవారంలో తులసిని బాల్కనీ గోడ మీదకి మార్చాడు, మొదటి వారం పల్చటి గుడ్డ నీడన ఉంచి. క్లిప్పు దీపాన్ని మాత్రం పారెయ్యలేదు. దసరాకి వాళ్లమ్మ బొమ్మల కొలువు పెడుతుందట, పై మెట్టు మీద బిగిస్తానన్నాడు.