బొమ్మను చదివే చదువు

ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో న్యూయార్క్ డీలర్ దగ్గర కొన్న ఓ సున్నపురాతి ఫలకం 2016లో భారత్‌కు తిరిగొచ్చింది. బుద్ధుని ఆరాధకులను చెక్కిన ఆ శిల్పం సొంతూరు ఆంధ్రప్రదేశ్‌లో గుండ్లకమ్మ ఒడ్డునున్న చందవరం. గుట్టు విప్పింది అది ఇక్కడ ఉన్నప్పటి పాత ఫోటో, ఆ ఫోటో విలువ తెలిసిన పరిశోధకులు.

కళ చదువు అనగానే కుంచె, రంగులు, ఆపైన ఆకలి గుర్తుకొచ్చే మధ్యతరగతి ఇళ్లలో ఈ పని ఊసే రాదు. నిజానికి కళాచరిత్ర, దృశ్య సంస్కృతి చదవడానికి బొమ్మ గీయడం వచ్చి తీరాలనేమీ లేదు. ఢిల్లీ జేఎన్‌యూలో ఆర్ట్స్ అండ్ ఈస్థటిక్స్ ఎంఏకి ఏ డిగ్రీ ఉన్నా చాలు. బరోడాలో 1950లో మొదలైన లలితకళల ఫ్యాకల్టీది ఈ రంగంలో పెద్దపీట. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్ తెలుగు విద్యార్థులకు చేరువలో ఉంది. అజంతా కుడ్యచిత్రమే కాదు, రవివర్మ క్యాలెండర్, సినిమా పోస్టర్ కూడా పాఠ్యాంశాలే.

మరి ఉద్యోగాలో? మ్యూజియాలు, గ్యాలరీలు, ఆర్కైవ్‌లు, నెట్ రాస్తే అధ్యాపక వృత్తి. వేలం సంస్థలకైతే బొమ్మ పుట్టుపూర్వోత్తరాలు తవ్వితీసేవాళ్లు కావాలి. ఎంఎఫ్ హుస్సేన్ 1954లో వేసిన 'గ్రామ యాత్ర' దశాబ్దాలపాటు ఓస్లోలోని ఆస్పత్రిలో వేలాడింది. 2025 మార్చిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో సుమారు రూ.118 కోట్లు పలికింది. ఎవరు కొన్నారు, ఎవరికిచ్చారు, ఇన్నాళ్లూ ఎక్కడుంది అన్నది పక్కాగా తేలకపోతే అంత సొమ్ము ఎవరూ పెట్టరు.

అలాగని కొత్తగా చేరినవారికి కోట్లేమీ రాలవు. తొలి జీతాలు సాఫ్ట్‌వేర్ కొలువుల ముందు వెలవెలబోతాయి. గ్యాలరీలు ఎక్కువగా ఢిల్లీ, ముంబైలలోనే. ప్రభుత్వ మ్యూజియాల్లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండటం మామూలే. ఇంగ్లీషులో రాయలేనివారికి దారి మరీ ఇరుకు.

తెలుగు వచ్చినవారికి మాత్రం ఓ వెసులుబాటు ఉంది, దాన్ని వాడుకుంటున్నవారే తక్కువ. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డల మీద బొమ్మలతోపాటు కథ కూడా తెలుగులోనే రాసి ఉంటుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ అలాంటివి ఉన్నాయి. బొమ్మ ఎవరైనా చూస్తారు. పక్కనున్న అక్షరాలను, వాటిలోని యాసను, రాతగాడి తప్పులను పట్టుకోవాలంటే మాత్రం తెలుగు ఎరిగిన పరిశోధకుడే రావాలి.