పలకపై వ్రాతయు, ఫోనులోని చిత్రమును



2024 మార్చి 18వ తేదీన బాపట్ల జిల్లా కొరిశపాడు చెంత జాతీయ రహదారిపై వాయుసేనవారు విమానములను దింపి పరీక్షించిరి. అందుకై 4.1 కిలోమీటర్ల పొడవున ఆ దారిని ప్రత్యేకముగా నిర్మించిరి. మా మేనల్లుడు దూరమున నిలిచి, సెల్‌ఫోనుతో చిత్రము తీసి, మార్కాపురమునందలి మా యింట చూపెను. విమానము ఈగవలె నున్నదని మా అత్తగారు నవ్విరి. కాని చెవులు మూసికొన్న ముసలమ్మయు, బిడ్డను భుజమున నెత్తుకొన్న తండ్రియు మాకు మిక్కిలి నచ్చిరి.

ఈ వేడుక క్రొత్తది కాదు. 8 మిల్లీమీటర్ల ఫిల్ము 1932లో వెలువడిన పిదప పాశ్చాత్యదేశములందు గృహస్థులును చలనచిత్రములు తీయసాగిరి. ఒక చుట్ట నాలుగు నిమిషములకే ముగిసెడిది. కావున ఏది తీయవలెనో ముందే యోచించెడివారు. ఇంగ్లండునందలి ఫార్న్‌బరో ప్రదర్శనమున 1952 సెప్టెంబరు 6న ఒక విమానము ఆకసముననే విచ్ఛిన్నమై, లోని ఇద్దఱును, చూపరులు 29 మందియు మరణించిరి. అటుపిమ్మట విమానములు జనసమూహమునకు దూరముగా నెగురవలెనని అచట కఠిన నిబంధనలు చేసిరి.

మన హైదరాబాదునందును 2010 మార్చి 3న, బేగంపేట ప్రదర్శనములో నౌకాదళపు ‘సాగర్ పవన్’ బృందమునకు చెందిన విమానమొకటి బోయినపల్లిలో నొక భవనముపై గూలి, అందలి ఇద్దఱు చోదకులు అసువులు బాసిరి. ఆ చిత్రము మా మేనల్లుని ఫోనులో గలదు. దానికి పాట జోడించి స్నేహితులకు పంపనెంచెను.

మేము వారించితిమి. “అత్తయ్యా, తీయుటయే తప్పా?” యని వాడడిగెను. వెంటనే బదులు తోచలేదు. కొంత యోచించి యిట్లంటిమి: “తీయుట తప్పుగాదు నాయనా. అట్టి చిత్రము విచారణచేయువారికి చేరినచో ప్రమాదకారణము తెలియవచ్చును, మఱియొకరి ప్రాణము నిలువవచ్చును. దానిని వినోదము చేయుట తప్పు. పోయినవాని తల్లియు ఆ తెరనే చూచును గదా!”

వాడు మాటాడక దానిని తుడిచివేసి, “అవ్వా, ఇటు చూడు” మని మా అత్తగారిని చిత్రింపసాగెను.

మనది పలకలకు పేరొందిన సీమ. పలకపై వ్రాసినదానిని తడిగుడ్డతో చెరుపగలము. లోకములోనికి విడిచిన చిత్రమును చెరుపజాలము. పిల్లల చేతికి ఫోను నిచ్చునప్పుడు తల్లులీ మాటయు చెప్పవలెనని మా మనవి.